నల్లకుంట ఠాణా నుంచి అశోక్‌నగర్ కూడలి దాకా: నిర్బంధంపై నగరవాసుల పోరు

హైదరాబాద్: ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు, త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, సందు సందునా శిక్షణ కేంద్రాలు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ అనగానే నగరవాసులకు గుర్తుకొచ్చేవి ఇవే. అయితే ఈ ప్రాంతానికి మరో చరిత్ర కూడా ఉంది. ఇక్కడి నుంచి కూతవేటు దూరంలోనే ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉండేది. నారాయణగూడ దాటితే నల్లకుంట ఠాణా. అశోక్‌నగర్‌ను ఆనుకుని ఇందిరాపార్కు ధర్నాచౌక్. పౌరహక్కుల సభలకు వేదికగా నిలిచిన సుందరయ్య విజ్ఞాన కేంద్రం పక్కనే బాగ్‌లింగంపల్లిలో ఉంది. పోలీసు హింసకు, విచారణ లేని నిర్బంధాలకు వ్యతిరేకంగా తెలుగునాట సాగిన ఉద్యమంలో ప్రధాన ఘట్టాలు కొన్ని ఈ నాలుగైదు కిలోమీటర్ల పరిధిలోనే జరిగాయి.

అత్యవసర పరిస్థితి అమలులో ఉన్న 1975 డిసెంబర్ 1న రైతాంగ పోరాట కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైలులోనే ఉరితీశారు. ఆ శిక్షను ఆపాలంటూ న్యాయవాదులు, రచయితలు, అధ్యాపకులు సాగించిన ప్రయత్నాలే పౌరహక్కుల ఉద్యమానికి తొలి పాఠాలయ్యాయి. జైలు తరలిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. మెదక్‌లో పోలీసులు కొట్టారన్న ఆరోపణల నడుమ 2023 ఫిబ్రవరిలో ఒక కూలీ తుదిశ్వాస విడిచింది ఆ ఆసుపత్రిలోనే. ఆ మరణాన్ని హైకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించింది.

1978 మార్చి 29 రాత్రి

రాత్రి ఆట సినిమా చూసి ఇంటికి వెళుతున్న రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్, ఆయన భార్య రమీజాబీ నల్లకుంట పోలీసుల కంటబడ్డారు. అనుమానం పేరిట రమీజాబీని ఠాణాకు తీసుకెళ్లారు. అక్కడ ఆమెపై పోలీసులు అత్యాచారం చేశారు. అడ్డుపడిన భర్తను తీవ్రంగా కొట్టారు. ఆ దెబ్బలకు ఆయన మరణించారు. మరుసటి రోజు వార్త బస్తీల్లో గుప్పుమంది. వేలాదిగా కదలివచ్చిన జనం మృతదేహంతో ఠాణాను ముట్టడించారు. రాళ్లు రువ్వారు. పోలీసులు కాల్పులు జరిపారు. నగరంలో కర్ఫ్యూ విధించాల్సి వచ్చింది. మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా బాధ్యతలు చేపట్టి అప్పటికి నెల రోజులు కూడా నిండలేదు.

ఈ ఘటనపై ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్‌ను నియమించింది. కమిషన్ ఎదుట పోలీసుల తరఫు వాదన అంతా బాధితురాలి నడవడిక చుట్టూనే తిరిగింది. ఆమె మంచిది కాదని, అసలు ఆమె పెళ్లే చెల్లదని నిరూపించడానికి సాక్షులను బారులు తీర్చారు. ఠాణాలో ఏం జరిగిందన్నది పక్కకు పోయి, ఆమె ఎలాంటిదన్నదే విచారణాంశమైందా అన్నట్లు ఆ రోజులు గడిచాయి. అయినప్పటికీ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. అత్యాచారం, హత్య నేరాలకు వారు బాధ్యులని తేల్చి, విచారణకు సిఫార్సు చేసింది.

అక్కడితో న్యాయం దక్కిందనుకుంటే పొరపాటే. కమిషన్ నివేదికకు తీర్పు బలం ఉండదు. అది సిఫార్సు మాత్రమే. నిందితులు హైదరాబాద్‌లో తమకు న్యాయం జరగదని సుప్రీంకోర్టును ఆశ్రయించడంతో కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అక్కడి సెషన్స్ కోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. నల్లకుంట సాక్షులు రాయచూరు దాకా వెళ్లి, ఎదుటివారు పోలీసులై ఉండగా చెప్పవలసిన సాక్ష్యం అది. రిక్షా తొక్కి బతికే బస్తీ జనానికి ఆ ప్రయాణ ఖర్చే పెనుభారం.

అయితే ఈ ఘటన వృథా పోలేదు. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన వంటి మహిళా బృందాలు ఆ రోజుల్లోనే రూపుదిద్దుకున్నాయి. మహారాష్ట్రలో ఒక గిరిజన బాలికపై ఠాణాలో జరిగిన అత్యాచారం కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుపై దేశవ్యాప్తంగా ఆందోళన రేగినప్పుడు, నల్లకుంట ఉదంతం కూడా ఆ ఉద్యమానికి బలమిచ్చింది. ఫలితంగా 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారం ప్రత్యేక నేరమైంది. లైంగిక సంబంధం రుజువై, తాను సమ్మతించలేదని బాధితురాలు చెబితే కోర్టు ఆ మాటనే ప్రాతిపదికగా తీసుకోవాలన్న నిబంధన వచ్చింది. ఆ తరువాత 2005 సవరణతో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు మహిళలను అరెస్టు చేయరాదన్న నియమం వచ్చింది. ప్రత్యేక పరిస్థితుల్లో మహిళా అధికారి మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతితో మాత్రమే అలా చేయవచ్చు. ఆ నియమం 1978లోనే ఉండి, అమలై ఉంటే రమీజాబీ ఆ రాత్రి ఠాణా మెట్లు ఎక్కవలసి వచ్చేది కాదు.

నిజనిర్ధారణ, టెలిగ్రాం, హెబియస్ కార్పస్

పౌరహక్కుల సంఘం అత్యవసర పరిస్థితికి ముందే ఏర్పడింది. మహాకవి శ్రీశ్రీ తొలి అధ్యక్షులు. 1978 నుంచి ఒకటిన్నర దశాబ్దం పాటు న్యాయవాది కె.జి. కన్నబిరాన్ అధ్యక్షులుగా వ్యవహరించారు. గణిత అధ్యాపకులుగా పనిచేసి తరువాత న్యాయవాది అయిన కె. బాలగోపాల్ 1980వ దశకం నుంచి ప్రధాన కార్యదర్శిగా సంఘాన్ని నడిపారు. రాజ్య హింసనే కాక సాయుధ బృందాల హింసనూ ప్రశ్నించాలన్న చర్చ నేపథ్యంలో ఆయన, మరికొందరు 1998లో మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేశారు. బాలగోపాల్ 2009 అక్టోబర్‌లో, కన్నబిరాన్ 2010 డిసెంబర్‌లో కన్నుమూశారు.

ఈ సంఘాల పనితీరు పైకి చాలా సాదాగా కనిపిస్తుంది. ఎక్కడైనా ఎన్‌కౌంటర్ లేదా లాకప్ మరణం జరిగిందని తెలిస్తే ఇద్దరు ముగ్గురు సభ్యులు బస్సెక్కి ఆ ఊరికి వెళతారు. కుటుంబ సభ్యులను, ఇరుగుపొరుగును, వైద్యులను, పోలీసులను కలిసి మాట్లాడతారు. ఏ తేదీన, ఏ వాహనంలో, ఎవరు తీసుకెళ్లారో రాసుకుంటారు. తిరిగి వచ్చి నివేదిక వెలువరిస్తారు. పోలీసు ప్రకటనలో ఎదురుకాల్పులు అని ఉన్నచోట, ఆ వ్యక్తిని రెండు రోజుల ముందే ఇంటి నుంచి పట్టుకుపోయారని ఊరంతా చెబుతుంది. ఆ రెండు రోజుల తేడాను కాగితం మీద నిలబెట్టడమే నిజనిర్ధారణ సంఘం పని.

అందులో కీలకమైనది టెలిగ్రాం. మనిషిని ఎత్తుకుపోయిన గంటల్లోనే కుటుంబం చేత హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి, ముఖ్యమంత్రికి, జిల్లా ఎస్పీకి టెలిగ్రాం కొట్టించేవారు. దానిపై తపాలా శాఖ వేసిన తేదీ, సమయం చెరపరాని సాక్ష్యం. ఆ మరుసటి రోజు ఎన్‌కౌంటర్ జరిగిందని పోలీసులు ప్రకటిస్తే, అంతకు ముందే అతడు కస్టడీలో ఉన్నాడనడానికి రసీదు చేతిలో ఉండేది. మనిషి బతికుండగా అయితే అదే కాగితంతో హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ దాఖలు చేసేవారు. టెలిగ్రాం సేవలు 2013 జులైలో నిలిచిపోయాయి. ఇప్పుడు ఈమెయిల్, వాట్సాప్ సందేశం, స్పీడ్‌పోస్టు ఆ పని చేస్తున్నాయి.

ఇందుకు చెల్లించిన మూల్యం తక్కువ కాదు. పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ ఎ. రామనాథంను 1985 సెప్టెంబర్ 3న వరంగల్‌లో ఆయన ఆసుపత్రిలోనే కాల్చి చంపారు. న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి 1991లో అదే వరంగల్‌లో హత్యకు గురయ్యారు. 2000 నవంబర్‌లో హైదరాబాద్‌లో పురుషోత్తం, 2001 ఫిబ్రవరిలో నల్గొండలో ఆజం అలీ హతులయ్యారు.

ఫలితాలు మాత్రం దేశమంతటికీ అందాయి. పౌరహక్కుల సంఘం ఫిర్యాదులపైనే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబర్‌లో ఎన్‌కౌంటర్ మరణాలపై కీలక ఉత్తర్వు ఇచ్చింది. చనిపోయినవారినే నిందితులుగా చూపి కేసు మూసివేసే పద్ధతి చెల్లదని స్పష్టం చేసి, 1997 మార్చిలో అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు మార్గదర్శకాలు పంపింది. ప్రతి ఎన్‌కౌంటర్‌పైనా పోలీసులపై కేసు నమోదు చేసి దర్యాప్తు జరపాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. 2014 సెప్టెంబర్‌లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు జారీ చేసింది. అవి ఉండగానే 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద దిశ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆ రోజు పోలీసులపై పూలు చల్లిన జనమే ఎక్కువ. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తేల్చి, 10 మంది పోలీసులపై హత్యానేరం విచారణకు సిఫార్సు చేసింది. 2022 మేలో ఆ నివేదిక బయటకు వచ్చేనాటికి చర్చ దాదాపు చల్లారిపోయింది.

ధర్నాచౌక్, ముందస్తు అరెస్టులు

ఎన్‌కౌంటర్లు అడవి అంచు గ్రామాల సమస్య అనుకునే నగరవాసికి నిర్బంధం మరో రూపంలో ఎదురవుతుంది. అదే ముందస్తు అరెస్టు. 2017 ఫిబ్రవరి 22న సుందరయ్య విజ్ఞాన కేంద్రం నుంచి ఇందిరాపార్కు వరకు నిరుద్యోగుల ర్యాలీకి తెలంగాణ జేఏసీ పిలుపునిచ్చింది. పోలీసులు అనుమతి నిరాకరించారు. తెల్లవారకముందే జేఏసీ ఛైర్మన్ ప్రొఫెసర్ కోదండరాంను తార్నాకలోని ఇంటి నుంచి అదుపులోకి తీసుకున్నారు. జిల్లాల నుంచి బయలుదేరిన వారిని దారిలోనే ఆపి ఠాణాలకు తరలించారు. ఆ ఏడాదే ధర్నాచౌక్‌ను నగర శివారుకు మార్చాలన్న నిర్ణయం వెలువడింది. మే 15న ‘ఆక్యుపై ధర్నాచౌక్’ పేరిట ప్రతిపక్షాలు, ప్రజాసంఘాలు తరలిరాగా, ధర్నాలు వద్దంటూ మరో వర్గం ప్లకార్డులు పట్టింది. ఆ వర్గంలో మఫ్తీలోని పోలీసులూ ఉన్నారని పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. 2018లో హైకోర్టు జోక్యం తరువాత గానీ అక్కడ మళ్లీ గొంతు వినిపించలేదు. 2021 నవంబర్ 18న వరి కొనుగోళ్లపై కేంద్రానికి వ్యతిరేకంగా అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా ధర్నాకు కూర్చున్నది కూడా అదే చౌక్‌లో.

ప్రభుత్వం మారినా అశోక్‌నగర్ దృశ్యం పెద్దగా మారలేదు. ఒక ఉద్యోగార్థిని వసతిగృహంలో మరణించిన 2023 అక్టోబర్ 13 రాత్రి వేలాది అభ్యర్థులు రోడ్డెక్కినప్పుడు లాఠీలు లేచాయి. 2024 అక్టోబర్‌లో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలని, జీవో 29ని రద్దు చేయాలని అభ్యర్థులు ఆందోళనకు దిగినప్పుడూ అంతే. గదుల్లోకి, హోటళ్లలోకి పరుగెత్తిన వారిని సైతం పట్టుకుని వ్యాన్లలో ఎక్కించారు. పోటీ పరీక్షల అభ్యర్థికి ఇది ఒక పూట ఠాణాలో కూర్చుని రావడంతో పోయే సంగతి కాదు. కేసు నమోదైతే రేపు ఉద్యోగం వచ్చాక పూర్వాపరాల పరిశీలనలో అది అడ్డు తగులుతుంది. రాజ్యాంగంలోని 19వ అధికరణం కంఠతా వచ్చిన వారే వీధిలోకి రావడానికి వెనుకాడేది అందుకే.

ముందస్తు అరెస్టుకు పోలీసులు వాడే అధికారం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 151వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో అది 170వ సెక్షన్. నేరం జరగబోతోందని, అరెస్టు తప్ప మరో విధంగా దానిని ఆపలేమని అనిపిస్తేనే ఆ అధికారం వర్తిస్తుంది. 24 గంటలు మించి ఉంచరాదు. ఇంటి ముందు కానిస్టేబుళ్లను కూర్చోబెట్టి గడప దాటనివ్వని ‘గృహనిర్బంధం’ ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

విచారణ లేకుండానే ఏడాది

ఇంతకంటే తీవ్రమైనది పీడీ చట్టం. 1986లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన 1వ నంబరు చట్టం ఇది. సారా తయారీదారులు, గూండాలు, మాదకద్రవ్యాల విక్రేతలు, భూకబ్జాదారుల వంటి వారి కోసమని పేరు. దీనికింద మనిషిని ఏడాది వరకు జైలులో ఉంచవచ్చు. నేరం రుజువు కావలసిన పని లేదు. కమిషనర్ ఉత్తర్వును 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి. నిర్బంధానికి కారణాలను ఐదు రోజుల్లో బాధితుడికి రాతపూర్వకంగా ఇవ్వాలి. మూడు వారాల్లో సలహా మండలికి నివేదించాలి. ఏడు వారాల్లో మండలి అభిప్రాయం చెప్పాలి. ఆ మండలి ముందు న్యాయవాదిని పెట్టుకునే హక్కు లేదు. మామూలు కేసులో బెయిలు వచ్చిన వ్యక్తిని జైలు గేటు వద్దే పీడీ ఉత్తర్వుతో మళ్లీ లోపలికి పంపవచ్చు.

ఆ చట్టం వాడకంపై సుప్రీంకోర్టు తెలంగాణను పదేపదే మందలించింది. సాధారణ శాంతిభద్రతల అంశానికి, ప్రజాజీవనాన్నే అస్తవ్యస్తం చేసే అంశానికి తేడా చూడకుండా ఉత్తర్వులు ఇస్తున్నారని 2021 ఆగస్టులో, 2022 ఏప్రిల్‌లో వేర్వేరు కేసుల్లో తప్పుపట్టింది. 2023 సెప్టెంబర్‌లో అమీనా బేగం కేసులో హైదరాబాద్ కమిషనర్ ఉత్తర్వును కొట్టివేస్తూ, ఈ ధోరణి ప్రమాదకరమని వ్యాఖ్యానించింది. 2024 మార్చిలో మరో కేసులో సలహా మండళ్లు యాంత్రికంగా ముద్ర వేయరాదని హెచ్చరించింది. ఈ తీర్పులన్నీ వచ్చింది కుటుంబాలు హెబియస్ కార్పస్ వేయగలిగినందువల్లనే. వేయలేని వారి ఉత్తర్వు మంచిదో చెడ్డదో ఏ కోర్టూ చూడదు.

విచారణ ఖైదీల సంగతీ ఇదే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా నేరం రుజువు కాని వారే. మక్కా మసీదులో 2007 మే 18న జరిగిన పేలుడు తరువాత అదుపులోకి తీసుకున్న పాతబస్తీ యువకులు చిత్రహింసలకు గురై, జైళ్లలో నెలల తరబడి గడిపి నిర్దోషులుగా బయటపడ్డారు. పౌరహక్కుల బృందాల ఒత్తిడితో 2012 జనవరిలో ప్రభుత్వం 20 మందికి రూ.3 లక్షల చొప్పున, 50 మందికి రూ.20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదని ఉత్తర్వు ఇచ్చింది.

బెయిలు వచ్చినంత మాత్రాన తలుపు తెరుచుకోదన్న సంగతిని చిక్కడపల్లి పోలీసుల కేసు ఒకటి రాష్ట్రమంతటికీ చూపింది. సంధ్య థియేటర్ తొక్కిసలాటలో నటుడు అల్లు అర్జున్‌ను 2024 డిసెంబర్ 13న అరెస్టు చేశారు. నాంపల్లి కోర్టు రిమాండ్ విధించింది. అదే సాయంత్రం హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. అయినా ఉత్తర్వు ప్రతులు అందే ప్రక్రియ పూర్తికాక ఆయన ఆ రాత్రి చంచల్‌గూడ జైలులోనే గడిపి మరునాడు ఉదయం విడుదలయ్యారు. పేరు, డబ్బు, న్యాయవాదుల బృందం ఉన్నవారికి ఒక రాత్రి. జామీనుదారు దొరకని కూలీకి ఎన్ని రాత్రులన్నది ఎవరూ లెక్కించరు. బెయిలు ప్రతిని అదే రోజు లేదా మరుసటి రోజు ఈమెయిల్‌లో జైలుకు పంపాలని, ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని, నెలలోగా పూచీకత్తు సమర్పించలేకపోతే షరతుల సడలింపును కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది.

ఎవరినైనా తీసుకెళితే

అరెస్టు సమయంలో పోలీసులు పేరు, హోదా కనిపించే గుర్తింపు ధరించాలి. అరెస్టు మెమో రాసి, కుటుంబ సభ్యుడు లేదా ఆ ప్రాంత పెద్దమనిషి చేత సాక్షి సంతకం చేయించాలి. ఎక్కడ ఉంచారో బంధువుకు తెలపాలి. వైద్య పరీక్ష జరిపించాలి. డి.కె. బసు కేసులో 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు విధించిన నిబంధనలివి. అరెస్టుకు కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబర్‌లో అదే కోర్టు అన్ని నేరాలకూ వర్తింపజేసింది. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో సాధారణంగా ముందుగా నోటీసు ఇవ్వాలే తప్ప నేరుగా అరెస్టు చేయరాదు. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. దెబ్బలు తగిలి ఉంటే చెప్పవలసింది ఆ మేజిస్ట్రేట్‌కే. అక్కడ చెప్పకపోతే తరువాత నిరూపించడం కష్టమని న్యాయవాదులు ప్రతిసారీ చెబుతుంటారు. కస్టడీలో మరణం జరిగితే పోలీసు దర్యాప్తుతో పాటు మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి.

ఠాణాల్లో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫుటేజీని కనీసం ఏడాది పాటు భద్రపరచాలి. కనుక కస్టడీలో కొట్టారన్న ఫిర్యాదులో తేదీ, సమయం రాసి ఆ ఫుటేజీని కాపాడమని వెంటనే కోరడం అవసరం. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు 2022 డిసెంబర్ నుంచి 2025 ఏప్రిల్ వరకు ఛైర్మన్ లేక ఫిర్యాదులు కుప్పపడ్డాయి. ఇప్పుడు అక్కడ అర్జీ ఇవ్వవచ్చు. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. న్యాయసేవాధికార సంస్థ ఫోన్ నంబరు 15100. చిత్రహింసల నిరోధానికి ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందంపై భారత్ 1997 అక్టోబర్‌లో సంతకం చేసింది గానీ, ధ్రువీకరించలేదు. అందుకు అవసరమైన ప్రత్యేక చట్టం పార్లమెంటులో ఆమోదం పొందలేదు.